నీడలోని చారల ఆకులు

కొందరు మొక్కను పువ్వు కోసం పెంచుతారు. కొందరు కాయ కోసం పెంచుతారు. కేవలం ఆకు అందం కోసం పెంచే మొక్కలలో హోస్టా ప్రసిద్ధమైనది. చైనా, కొరియా, జపాను దేశాలు దీని జన్మస్థానాలు. ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడైన నికొలాస్ థామస్ హోస్ట్ పేరిట 1812లో దీనికి ఈ నామకరణం జరిగింది. జపానీయులు దీనిని 'గిబోషి' అంటారు. అక్కడి వంతెనల స్తంభాల కొనపై కనిపించే మొగ్గవంటి అలంకారానికి కూడా అదే పేరు. జపానులో వైద్యుడుగా పనిచేసిన జర్మన్ పండితుడు సీబోల్డ్, 1829 చివర ఆ దేశాన్ని వీడినప్పుడు ఐరోపాకు చేర్చిన మొక్కలలో హోస్టాలు కూడా ఉన్నాయి.

హోస్టాలలో తెల్లని చారలు గల రకాలు మనోహరమైనవి. ఆకులోని తెల్లని భాగంలో పత్రహరితం ఉండదు. కనుక అది తన ఆహారాన్ని తాను తయారుచేసుకోలేదు. పక్కనున్న పచ్చని భాగమే దానిని పోషిస్తుంది. తీవ్రమైన ఎండ తగిలితే మొదట మాడిపోయేది ఆ తెలుపే. అలాగని చీకటిలో ఉంచితే పచ్చని భాగానికి చాలినంత వెలుగు అందక మొక్క క్షీణిస్తుంది. ఉదయపు లేత ఎండ, మధ్యాహ్నం చెట్టు నీడ, ఆకుల ఎరువు కలిసిన తేమ నేల దీనికి అనుకూలం. నత్తల బెడద నుండి లేత ఆకులను కాపాడాలి. శీతకాలంలో ఆకులు రాలి, మొగ్గలు భూమిలో నిద్రిస్తాయి. ఆ చలి లేనిదే మొక్క మరల బలంగా చిగురించదు. అందుచేత మన మైదానాల వేడిమి దీనికి సరిపడదు.

విత్తనం నాటితే తల్లి చారలు సాధారణంగా బిడ్డకు రావు. దుబ్బును విడదీసి నాటడమే మార్గం. ఒక్కొక్కప్పుడు దుబ్బులో పూర్తిగా పచ్చని పిలక పుడుతుంది. చూపునకు అది ఆరోగ్యవంతమైనదే. కాని బలమెక్కువ గనుక వేగంగా పెరిగి, చారల పిలకలను అణచివేస్తుంది. తోటమాలి దానిని వేరుతో సహా తొలగించక తప్పదు. పూర్తిగా తెల్లనైన పిలక పుడితే, ఆహారం చేసుకోలేక అది తనంత తానే నశిస్తుంది.

బలవంతునికి హద్దు, బలహీనునికి ఆసరా ఉన్నప్పుడే ఆ చారల అందం నిలుస్తుంది. తోటమాలి నేర్పు అంతా ఆ సమతూకాన్ని కాపాడడంలోనే ఉంది.

ప్రశ్నలు
1. హోస్టా ఆకులోని తెల్లని భాగం దేనిపై ఆధారపడుతుంది? ఎందువల్ల?
2. ఆరోగ్యంగా ఉన్న పచ్చని పిలకను తోటమాలి తొలగించడం న్యాయమేనా? చర్చించండి.