పాలపుంత నడిబొడ్డు

బాలలారా! వేసవి రాత్రులందు ఆరుబయట మంచము వైచుకొని పరుండినవారికి పాలపుంత క్రొత్తది కాదు. మన సూర్యుడును ఆ మహాచక్రములోని ఒక తారయే. చక్రమునకు ఇరుసు ఉండవలెను గదా! అది ఆకాశమున ఏ వైపున నున్నది?

ఏప్రిల్ నెలాఖరున, చంద్రుడు లేని రాత్రి, తెల్లవారుజామున మూడున్నర గంటలకు పేరాలకు చేరువనున్న వాడరేవు ఇసుకపై నిలిచి దక్షిణమునకు మొగము త్రిప్పుడు. ఊరి దీపములు వెనుకబడును, ఎదుట సముద్రమే. కుడిప్రక్క ఎర్రని జ్యేష్ఠ. అచ్చటినుండి క్రిందికి దిగి ఎడమకు వంగిన తేలుతోక కొనయే మూల. దానికి ఎడమగా పూర్వాషాఢ, ఉత్తరాషాఢల తారలు చేరి కొమ్ముచెంబువలె కనబడును. చెంబు కొమ్ము తేలువైపే చూచుచుండును. కొమ్ము చివరి తారనుండి కుడికి, రవంత పైకి, చాచిన చేతి మూడు వ్రేళ్ల వెడల్పు జరుగుడు. అదియే మనము వెదకుచోటు!

ఎత్తును మీరే లెక్కింపవచ్చును. పేరాల అక్షాంశము ఉత్తరమున సుమారు 16 డిగ్రీలు. ఆ చోటు ఖగోళ విషువద్వృత్తమునకు 29 డిగ్రీలు దక్షిణము. రెండును కలిపి 90 నుండి తీసివేయగా 45. అనగా దిగంతమునకును నడినెత్తికిని సరిగా నడుమ.

ముప్పది ఏండ్ల క్రిందట కొందరు విద్యార్థులను అచ్చటికి తీసికొనిపోతిని. నేతపనివారి ఇంటి పిల్లవాడొకడు పాలపుంతలోని నల్లని చీలికను చూపి, "మాస్టారూ, పడుగులో పోగులు తెగినట్లున్నదండీ. అది మబ్బా?" అని యడిగెను. "అచ్చట చుక్కలు లేవు, అంతే" యని కసరితిని. తప్పు నాదే. అది మబ్బే; నీటిమబ్బు గాదు, ధూళిమబ్బు. దాని వెనుక లెక్కలేనన్ని తారలు కలవు. కేంద్రమును మన కంటికి మరుగుపరచునదియు ఆ ధూళియే.

హార్లో షాప్లీ 1918లో గోళాకార తారాగుచ్ఛములు ధనూరాశి వైపే గుమిగూడియుండుట గమనించి, సూర్యుడు నడుమ లేడనియు, కేంద్రము ఆ దిక్కున నున్నదనియు తేల్చెను. ధూళి కంటివెలుగును ఆపును గాని రేడియో తరంగములను, పరారుణ కిరణములను అంతగా ఆపజాలదు. 1933లో కార్ల్ జాన్‌స్కీ ఆ దిక్కునుండి రేడియో తరంగములు వచ్చుచున్నవని ప్రకటించెను. పిమ్మట రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్ బృందములు అచ్చటి తారల పరుగును ఏండ్ల తరబడి పరారుణ కాంతిలో కనిపెట్టి, నడుమ సుమారు 40 లక్షల సూర్యుల బరువు ఇమిడియున్నదని చూపిరి. వారిరువురికిని 2020లో నోబెల్ బహుమానములో భాగము లభించెను. ఆ చోటు మనకు దాదాపు 26 వేల కాంతిసంవత్సరముల దూరము.

2022 మే నెలలో ఆ కృష్ణబిలపు నీడ చిత్రము పత్రికలలో వచ్చినప్పుడు, దానిని కత్తిరించి ఆ పిల్లవాని కొరకు దాచితిని. ఇప్పుడతడు ఏ ఊర నున్నాడో!