కోళ్ళ గూడు - ఒక పల్లె మాట చెప్పే పాఠం



వ్యాసం రాయడానికి కూర్చుంటే మనలో చాలామంది ఇంటి మాటలను పక్కన పెట్టేస్తాం. "ఇది పల్లెటూరి మాట, రాస్తే నవ్వుతారు" అని భయం. అలా పక్కన పెట్టిన మాట కొన్నాళ్ళకు నోట్లోంచి కూడా పోతుంది. కోళ్ళుండే చోటుకు ఇప్పుడు 'షెడ్డు', 'ఫారం', 'కేజి' అనే మాటలే ఎక్కువగా వినిపిస్తున్నాయి. మన పెద్దవాళ్ళ మాట 'గూడు'. ఈ ఒక్క మాటలో ఎంత తెలుగు ఉందో చూద్దాం.

అర్థం

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెరట్లో గోడకు చేర్చి మట్టితోనో, ఇటుకలతోనో కట్టే చిన్న గది కోళ్ళ గూడు. కోడి దూరేంత నోరు ఉంటుంది. ఆ నోటికి ఒక చెక్క పలక, పలక జారకుండా ఒక రాయి. పిల్లి, ముంగిస, నక్క రాకుండా ఈ ఏర్పాటు. కోడికి చీకట్లో చూపు సరిగా ఆనదు. అందుకే పొద్దు వాలగానే ఎవరూ తోలకుండానే గూటికి చేరుతుంది. "కోళ్ళు గూట్లోకి ఎల్లిపోనాయా?" అని పెద్దలు అడిగేది ఆ వేళకే.

గంప వేరు. అది మేదరులు వెదురు బద్దలతో అల్లేది. పిల్లల కోడిని గద్ద తన్నుకుపోకుండా దాని మీద గంప బోర్లిస్తారు. గూడు ఉన్నచోటే ఉంటుంది, గంపను ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. 'గంపెడాశ', 'గంపెడు పిల్లలు' అనే పలుకుబళ్ళు ఈ గంప నుంచి వచ్చినవే.

ఏ ప్రాణి ఉండే చోటుకు ఆ పేరు పెట్టడం మన భాషకు అలవాటు. పశువులకు సాల, గొర్రెలకు దొడ్డి, గుర్రానికి లాయం, చీమలకు పుట్ట, ఎలుకకు కన్నం, పక్షికి గూడు. అన్నిటికీ 'షెడ్డు' అంటే పని జరుగుతుంది గాని, ఇన్ని తేడాలు పోతాయి.

వ్యాకరణం

విభక్తి ప్రత్యయం చేరేటప్పుడు నామం చివర వచ్చే ఇ, టి, తి వర్ణాలను ఔపవిభక్తికాలు అంటారని పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం. కాలు - కాలికి, ఏరు - ఏటికి, చేయి - చేతికి. అలాగే గూడు - గూటికి. బహువచనం గూళ్ళు. బడికి వెళ్ళని మామ్మ "గూట్లో" అంటే, చదువుకున్న మనం "గూడులో" అని రాస్తాం. వ్యాకరణం మామ్మ పక్షానే ఉంది.

చుట్టరికాలు

గూడు సంస్కృతం నుంచి వచ్చింది కాదు, అచ్చమైన ద్రావిడ పదం. కన్నడంలోనూ గూడే. తమిళ, మలయాళాల్లో 'గ' బదులు 'క'తో పలుకుతారు. మన తెలుగులో 'కూడు' అంటే అన్నం. చూడటానికి గూడూ కూడూ కవలల్లా ఉంటాయి గాని పుట్టుక వేరు. తమిళంలో అంబలిని 'కూళ్' అంటారు, మన కూడుకు చుట్టం అది.

వాడుక

కోళ్ళ పెరడు దాటి ఈ మాట చాలా దూరం నడిచింది. సాలెగూడు, పట్టుగూడు, గూడుబండి, గూటి పడవ - అన్నిటా లోపలున్న దాన్ని కప్పి కాపాడేది అనే భావమే. పాత ఇళ్ళలో దీపం పెట్టుకోవడానికి గోడలో వదిలిన ఖాళీ కూడా గూడే. "గూట్లో దీపం, నోట్లో ముద్ద" అనే సామెత దాన్నిబట్టే పుట్టింది. దీపం పెట్టే వేళకే రాత్రి భోజనం ముగించాలని అర్థం. పార్టీ మారిన నాయకుడు వెనక్కి వస్తే పత్రికలు "సొంత గూటికి" అని రాస్తాయి. తీరని దుఃఖం మనసులో "గూడు కట్టుకుంది" అంటాం.

అన్నిటికన్నా పెద్ద వాడుక "కూడు, గూడు, గుడ్డ". మనిషి కనీస అవసరాలు చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువారు మేడ అనలేదు, భవనం అనలేదు. కోడికీ పిచ్చుకకూ వాడిన మాటనే తమకూ వాడుకున్నారు. సంక్షేమ హాస్టల్లో చదివిన మనకు ఆ మూడు మాటల విలువ ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

గూడుకూ పంజరానికీ తేడా గమనించండి. రెంటికీ తలుపు ఉంది. పంజరంలో చిలకను ఎగిరిపోకుండా బంధిస్తారు. గూట్లో కోడిని రాత్రికి కాపాడి, తెల్లారగానే మేతకు వదులుతారు. హాస్టల్ గంటలు, హాజరు పట్టీ చూసి కొత్తగా చేరిన తమ్ముళ్ళు కొందరు పంజరం అనుకుంటారు. ఇది గూడని గ్రహించాలి. పెంచి బయటికి పంపడానికే ఇది ఉంది.

మన బాధ్యత

పల్లె మాటకు గౌరవం అడిగిన గిడుగు రామమూర్తి పంతులు మన గడ్డ మీదే, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. వాడుక భాషలోనే చదువు సాగాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన రోజే తెలుగు భాషా దినోత్సవం. తర్వాత ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల నోట ఉన్న మాటలను పల్లెపల్లెలో సేకరింపజేసి 1962లో వ్యవసాయ మాండలిక పదకోశం వెలువరించారు. మన శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల పలుకును తెలుగులో ఒక ప్రత్యేక మండలంగా గుర్తించారు.

హాస్టల్లో ఒక్క గదిలోనే నాలుగైదు మండలాల పిల్లలుంటారు. ఒకరి ఇంట్లో కోళ్ళుండే చోటును ఏమంటారో, పశువులుండే చోటును ఏమంటారో మరొకరు అడిగి, ఊరి పేరుతో సహా ఒక నోటుపుస్తకంలో రాయండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దలను అడిగి సరిచూసుకోండి. వచ్చే వార్షికోత్సవ సంచికకు నాలుగు పేజీల పదకోశం తయారవుతుంది. అది పల్లెటూరి మాటల పట్టికే. దాన్ని చూసి నవ్వవలసిన పని ఎవరికీ ఉండదు.