లెక్కలోకి వచ్చే పరుగు

సొంతంగా కారం మిల్లు పెట్టడమా, జిన్నింగ్ మిల్లులో ఉద్యోగానికి వెళ్లడమా? గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో డిగ్రీ పూర్తయిన చాలామందిది ఇదే సందిగ్ధం. వ్యాపారం వైపు మొగ్గేవారు ముందుగా హర్డిల్స్ క్రీడాకారిణి జ్యోతి యర్రాజీ గురించి తెలుసుకోవాలి. ఊరు విశాఖపట్నం, చదివింది మన నాగార్జున విశ్వవిద్యాలయంలో. 100 మీటర్ల హర్డిల్స్‌లో 2002 నాటి జాతీయ రికార్డు 13.38 సెకన్లుగా ఉండేది. దానికన్నా వేగంగా రెండు పోటీల్లో పరుగెత్తినా ఆమెకు రికార్డు దక్కలేదు. ఎందుకు దక్కలేదన్నదే చిన్న వ్యాపారికి పాఠం.

కాగితం ఉండాలి

2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03 సెకన్లలో గమ్యం చేరింది. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధీ లేరు. దాంతో అది రికార్డు కాలేదు.

నోటిమాట మీద సాగే వ్యాపారానికీ ఇదే గతి. ఎంత అమ్మినా బిల్లు లేకపోతే బ్యాంకు నమ్మదు. యంత్రం కొనకముందే ఉద్యమ్ నమోదు (ఉచితం), ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి, విడిగా కరెంట్ ఖాతా సిద్ధం చేసుకోండి. సూక్ష్మ, చిన్న తయారీదారుల నుంచి సరుకు తీసుకున్నవారు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. నమోదు, బిల్లు ఉంటేనే ఆ హక్కును గట్టిగా అడగగలరు.

గాలివాటు లాభాన్ని నమ్మొద్దు

2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో ఆమె సమయం 13.09. రికార్డుగా గుర్తించాలంటే వెనుక నుంచి వీచే గాలి వేగం సెకనుకు 2 మీటర్లు దాటకూడదు. ఆ రోజు 2.1 ఉంది. రికార్డు మళ్లీ చేజారింది.

మిర్చి ధరదీ గాలి స్వభావమే. 2023లో క్వింటా 20 వేలు దాటిన పంటకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయలతో మార్కెట్ జోక్యం ప్రకటించాల్సి వచ్చింది. 12 వేలకు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు 15 వేలకు చేరితే, ఆ 3 వేలు గాలి ఇచ్చినవి. వాటిని పక్కన పెట్టి, కారం ఆడించి అమ్మినందుకు ఎంత మిగిలిందో విడిగా రాయండి. మీ అసలు వేగం అదే.

మనుషులకు కొలత నేర్పండి

ఈ హర్డిల్స్‌లో పది అడ్డంకులుంటాయి. మొదటిది 13 మీటర్ల దూరంలో, ఆ తర్వాత ప్రతి ఎనిమిదిన్నర మీటర్లకు ఒకటి. అడుగుల లెక్క ముందే కుదరాలి. కారం మిల్లులోనూ అంతే. మిర్చి యార్డుకు సరుకు పోటెత్తే ఫిబ్రవరి, మే నెలల మధ్యే కొనుగోళ్లకు డబ్బు కావాలి. వసూళ్లు తర్వాతెప్పుడో వస్తాయి. కూలీ, కరెంటు బిల్లు, బ్యాంకు కిస్తీలకు ఎంత నగదు ఉంచాలో సీజన్‌కు ముందే తేల్చుకోండి.

నగదు లెక్క మీరు చూసుకున్నా, తేమ లెక్క మీ ఒక్కరికే తెలిస్తే చాలదు. టిక్కీ (మిర్చి బస్తా) విప్పి గుప్పెడు కాయలు నలిపితే గలగలలాడాలి, మెత్తగా వంగితే తేమ ఉన్నట్టే. కారంలో తేమ 11 శాతం మించకూడదన్నది ప్రమాణం. 14 శాతం తేమతో 100 కిలోలు కొంటే, ఆరబెట్టేసరికి మూడు కిలోలకు పైగా తరుగు పోతుంది. తేమ మీటర్ మీ అల్మారాలో కాకుండా తొడిమలు తీసే అక్కల దగ్గర ఉండాలి. తడి బస్తాను వెనక్కి పంపే అధికారం కూడా వాళ్లకివ్వండి. నాయకత్వం అలవడేది అక్కడే.

మొదటి ఏడాది లక్ష్యం

2022 మేలో సైప్రస్‌లోని లిమసోల్‌లో జ్యోతి 13.23 సెకన్లలో పరుగెత్తింది. మునుపటి రెండింటికన్నా నెమ్మదే, అయినా నిబంధనలకు లోబడింది కాబట్టి జాతీయ రికార్డు అయింది. మరుసటి ఏడాది దాన్ని 12.78కి తగ్గించింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పోటీపడింది. మీరూ తొలి సీజన్‌లో పెద్ద టర్నోవర్ కోసం ఆరాటపడకండి. తక్కువ సరుకైనా ప్రతి బస్తాకూ కాటా చీటీ, ప్రతి అమ్మకానికీ బిల్లు, నెలాఖరుకు నికర లాభం తేలే పుస్తకం ఉండేలా చూసుకోండి. రెండో ఏడాది రుణానికి వెళ్లినప్పుడు మీ తరఫున ఆ పుస్తకమే మాట్లాడుతుంది.