విషజ్వరాలు – కణాల హెచ్చరిక

విషజ్వరాలు ప్రబలినపుడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల గృహస్థులు "స్వామీ, రోగనిరోధక శక్తిని పెంచే మందేదైనా ఉన్నదా?" అని నన్ను అడుగుతుంటారు. ఆ శక్తి ఎట్లు మేల్కొనునో ముందు తెలుసుకొందాం.

వైరస్ కణంలో ప్రవేశించగానే కొన్ని మాంసకృత్తులు దానిని పసిగట్టి, ఒకదానినుండి మరొకదానికి సంకేతాన్ని అందిస్తూ కేంద్రకంలోని జన్యువులను మేల్కొలుపుతాయి. అప్పుడు 'ఇంటర్‌ఫెరాన్' వెలువడి పొరుగు కణాలను హెచ్చరిస్తుంది. దీనిని 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనుగొన్నారు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను పసిగట్టే జెడ్.బి.పి.1 అనే మాంసకృత్తిని గూర్చి అమెరికాలోని మెంఫిస్‌లో పరిశోధించే మన తెలుగు శాస్త్రవేత్త కన్నెగంటి తిరుమలాదేవి బృందం 2016లో వెల్లడించింది. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ఫెరాన్ గామా అనే రెండు సంకేతాలు కలిసి విజృంభిస్తే స్వంత కణాలే నశించునని అదే బృందం 2021లో ఎలుకలపై నిరూపించింది.

కనుక మనకు కావలసినది పెంపు కాదు, సమత్వం. శొంఠి, తులసి కషాయం గొంతుకు హాయినిస్తుంది. ఈ సంకేతాలను అదుపు చేస్తుందని మాత్రం నేను చెప్పను. పలుచని గంజి, కాచి చల్లార్చిన నీరు, విశ్రాంతి అవసరం. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. ఆయాసం, మగత, తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం కనిపించినచో కషాయాలతో కాలక్షేపం చేయక రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చండి.