చుక్క గీతగా మారితే

ఒక పలుచని తెల్లకాగితాన్ని గ్రాఫు కాగితం మీద పెట్టి, 3 సెంటీమీటర్ల చదరం గీయండి. అందులో ఒక మిల్లీమీటరు వెడల్పున నల్లని పట్టీ, పక్కన అంతే వెడల్పున తెల్లని ఖాళీ, మళ్ళీ నలుపు. ఇలా పదిహేను నల్ల పట్టీలు నింపండి. అంతే సైజున్న మరో చదరానికి పెన్సిలుతో సమంగా బూడిదరంగు పూయండి. ఈ రెండు ముక్కలతో మనం పరీక్షించబోయేది మీ కన్నునే.

గీతలు నిలువుగా ఉండేటట్లు కాగితాన్ని వెలుతురున్న గోడకు ఆనించి పట్టుకొమ్మని స్నేహితునితో చెప్పండి. మీరు ఒక కన్ను మూసుకొని వెనక్కి నడవండి. కొంతదూరం పోయేసరికి గీతలు కలిసిపోయి, చదరమంతా బూడిదరంగుగా అగుపిస్తుంది. అయితే "కనిపిస్తున్నాయా?" అని ఊరికే అడిగితే లాభం లేదు. గీతలున్నాయని మీకు ముందే తెలుసు కదా, లేకపోయినా కనిపిస్తున్నట్లే ఉంటుంది! అందుచేత స్నేహితుడు మీకు చెప్పకుండా ఒకసారి గీతల కాగితం, ఒకసారి బూడిద కాగితం చూపాలి. ఏది చూపాడో మీరు చెప్పాలి. పదిసార్లు అడిగితే చూడకుండా చెప్పేవాడికి కూడా సుమారు అయిదు ఒప్పవుతాయి. కాబట్టి తొమ్మిదైనా సరిగ్గా చెప్పగలిగిన అతి ఎక్కువ దూరాన్ని టేపుతో కొలిచి రాసుకోండి.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మీరు ఆగవద్దు. కాగితాన్ని తిప్పి, గీతలను అడ్డంగా ఉంచి, పరీక్షంతా మళ్ళీ చేయండి.

ఎంత దూరం రావాలి? ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో ఒక భాగాన్ని నిమిషం అంటారు. మంచి కన్ను దాదాపు ఒక నిమిషం కోణం చేసే గీతలను విడదీసి చూడగలదు. ఒక మిల్లీమీటరు వెడల్పు 3.4 మీటర్ల దూరాన ఆ కోణం చేస్తుంది. కళ్ళ డాక్టరు గదిలో పైనుంచి కిందికి చిన్నవవుతూ పోయే అక్షరాల పటం ఉంటుంది, చూశారా? 1862లో హాలెండు వైద్యుడు స్నెల్లెన్ తయారుచేసిన ఆ పటంలోనూ ఇదే లెక్క. నిర్ణీత దూరం నుంచి అక్షరం ఎత్తు 5 నిమిషాలు, అందులోని గీత మందం ఒక నిమిషం.

ఇక తిప్పి చూడడం ఎందుకో చెబుతాను. 2011లో నా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. నోటితో లెక్క అడిగితే తడుముకొనేవాడు కాదు. బోర్డు మీదిది ఎక్కించుకోమంటే మాత్రం తప్పులే. 15 − 4 = 11 అని నేను రాస్తే, వాడి నోటుబుక్కులో 15 − 4 − 11 అని ఉండేది. పైగా కళ్ళు చికిలించి చూసేవాడు. వెక్కిరిస్తున్నాడనుకొని రెండుసార్లు బెంచీ ఎక్కించాను. ఆ తరువాత ఒకరోజు తరగతిలో ఈ ప్రయోగం చేయించాను. నిలువు గీతలను వాడు 3 మీటర్ల దాకా చెప్పగలిగాడు. అడ్డగీతలు ఒకటిన్నర మీటరుకే బూడిదైపోయాయి. సమానపు గుర్తు అంటే రెండు అడ్డగీతలే కదా! అవి కలిసిపోయి వాడికి ఒకే గీతగా కనబడేవి. 11లోనివి నిలువు గీతలు కనుక ఎప్పుడూ తప్పు పోలేదు. తప్పు నాదేనని తరగతిలోనే ఒప్పుకొని, వాళ్ళ నాన్నగారికి కబురు పెట్టాను. వారం తిరక్కుండా అద్దాలు వచ్చాయి.

ఆ రెండు దూరాల సగటు తీసి ఉంటే 2.25 మీటర్లు వచ్చేది. "చూపు కాస్త తక్కువ" అని సరిపెట్టుకొని ఉండేవాడిని.

కన్ను, కెమెరా, అచ్చుయంత్రం, టీవీ తెర, ఇవన్నీ ద్విమితీయ వ్యవస్థలు. అంటే పొడవూ వెడల్పూ ఉన్న బొమ్మను తీసుకొని మరో బొమ్మను ఇస్తాయి. ఏ బొమ్మయినా చుక్కల కూడికే. అందుకని వ్యవస్థ ఒక్క చుక్కను ఏం చేస్తుందో తెలిస్తే చాలా సంగతి తెలిసినట్లే. మంచి కటకం చుక్కను చుక్కగానే ఉంచుతుంది. దృష్టి సరిగా కుదరని కటకం దానిని గుండ్రని మచ్చ చేస్తుంది. మా అబ్బాయి కన్ను చుక్కను నిలువుగా సాగదీసేది. కన్ను ముందుభాగాన ఉండే కార్నియా బంతిలా అన్నివైపులా ఒకేలా వంగి ఉండక, గరిటె అడుగులా ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ వంగితే ఇలా అవుతుంది. దీనినే ఆస్టిగ్మాటిజం అంటారు. థామస్ యంగ్ 1801లోనే తన కంటిలో ఈ లోపాన్ని గుర్తించాడు. జార్జి ఎయిరీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు తన ఎడమకంటికి కాంతిబిందువు గీతలా కనిపించడం చూసి, లెక్క కట్టి, 1825లో స్థూపాకార కటకంతో దానిని సరిచేసుకొన్నాడు. మా అబ్బాయి అద్దాలు ఆ జాతివే.

ఇంజనీర్లు గీతలు కనిపించాయా లేదా అన్నదానితో ఆగరు, ఎంత స్పష్టంగా కనిపించాయో కూడా లెక్క కడతారు. కాగితం మీద తెలుపు వెలుగు 90, నలుపు వెలుగు 10 అనుకోండి. తేడాను మొత్తంతో భాగిస్తే 80/100, అంటే 0.8. కెమెరా బొమ్మలో అవే 60, 40 అయితే 20/100, అంటే 0.2. కెమెరా నాలుగోవంతు తేడానే దాటనిచ్చిందన్నమాట. వెడల్పు గీతలకు ఈ నష్టం తక్కువ, సన్నగీతలకు ఎక్కువ.

మన ఉపగ్రహాల సంగతీ ఇంతే. 1979లో ఎగిరిన భాస్కర-1 టీవీ కెమెరాకు నేలమీద ఒక కిలోమీటరు చదరం ఒక చుక్క. 1988 నాటి ఐ.ఆర్.ఎస్.-1ఎ కెమెరాలలో ఒకదానికి అది 72.5 మీటర్లు. 2005లో శ్రీహరికోట నుంచి వెళ్ళిన కార్టోశాట్-1కు 2.5 మీటర్లు. పత్రికలు ఈ ఒక్క అంకెనే రాస్తాయి. కాని బొమ్మ తీస్తున్నంతసేపూ ఉపగ్రహం పరుగెడుతూనే ఉంటుంది కాబట్టి, పరుగుదిశలో చుక్క కాస్త సాగుతుంది. అందుకే పరుగు వెంబడి ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి విడివిడిగా పరీక్షిస్తారు.

కళ్ళు చికిలించడం సంగతి మరిచాను. రెప్పలు దగ్గరైతే వెలుతురు అడ్డంగా ఉన్న సన్నసందులోంచే లోపలికి పోతుంది. నిలువున సాగే మచ్చ కురచవుతుంది, అడ్డగీతలు విడివడతాయి. పాపం, వాడు ఎవరూ చెప్పకుండానే ఆ ఉపాయం కనిపెట్టాడు. మీరు అట్టముక్కకు గుండుసూదితో బెజ్జం చేసి, బూడిదైపోయిన గీతలను అందులోంచి మళ్ళీ చూడండి. దూరం పెరిగితే, ఆ కన్నును డాక్టరుకు చూపించమని ఇంట్లో అడగండి.