నవ్వులు రాసిన చెయ్యి

ధర్మవరపు సుబ్రహ్మణ్యం పేరు విన్నారా? ‘నువ్వు నేను’ సినిమాలో లెక్చరరు ఆయనే.

ఆయనది కొమ్మినేనివారిపాలెం. 1954లో పుట్టారు. ప్రభుత్వ ఉద్యోగం చేశారు. నాటకాలాడారు. దూరదర్శన్‌లో ‘ఆనందో బ్రహ్మ’ అనే నవ్వుల సీరియల్ వచ్చింది. దాన్ని ఆయన రాశారు. అందులో వేషమూ వేశారు. ఇంటింటా నవ్వులే! 1989లో సినిమాల్లోకి వచ్చారు.

నవ్వించే మాట ఊరికే రాదు. ముందు కాగితం మీద రాయాలి. బాగా లేకపోతే కొట్టెయ్యాలి. మళ్లీ రాయాలి.

2013 డిసెంబరు 7న ఆయన చనిపోయారు. మనిషి పోయినా ఆయన మాటకు జనం ఇప్పటికీ నవ్వుతున్నారు.

అక్కల్లారా! మీకూ ఇప్పుడు రాయడం వచ్చు. మీ ఇంట్లో అందరూ నవ్విన మాట ఒకటి రాయండి. తప్పులొస్తాయని భయపడొద్దు. రేపు కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.