ఊరి ఆరోగ్య కార్డుతో నగరంలో చికిత్స

పని కోసం బెంగళూరుకు తరలివచ్చిన కుటుంబానికి రేషను కార్డు, ఆరోగ్య కార్డు తరచుగా ఊరి చిరునామా మీదనే ఉంటాయి. జబ్బు మాత్రం మనిషి ఉన్నచోటనే వస్తుంది. అటువంటప్పుడు మనవారిలో చాలామంది, "ముందు మనమే కట్టేద్దాం, ఊరికి వెళ్ళి బిల్లులు చూపి తిరిగి తీసుకుందాం" అనుకుంటారు. ఈ పాఠంలో ప్రధానంగా తెలుసుకోవలసినది ఆ భావనలోని పొరపాటే.

ఒక ఉదాహరణ

చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ఒక తాపీమేస్త్రీకి గుండెనొప్పి వచ్చిందనుకుందాం. ఇంటివారు ఆసుపత్రిలో చేర్చి, వడ్డీకి అప్పు తెచ్చి బిల్లు కట్టారు. వారం తరువాత ఊరి నుంచి కార్డు తెప్పించారు. ఆసుపత్రి పథకంలో చేరినదే అయినా, అప్పటికి ఆ కార్డు అక్కరకు రాలేదు. ఎందుకంటే ఇవి నగదు రహిత పథకాలు. ప్రభుత్వం సొమ్మును ఆసుపత్రికి చెల్లిస్తుందే గాని రోగికి కాదు. కనుక కార్డును చూపవలసినది చేరే రోజుననే.

ఏ కార్డు ఎక్కడ చెల్లుతుంది?

2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం కింద అర్హత గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభిస్తుంది. ఈ కార్డు సొంత రాష్ట్రానికే పరిమితం కాదు. పథకంలో చేరిన ఇతర రాష్ట్రాల ఆసుపత్రులలోనూ చెల్లుతుంది.

రాష్ట్ర పథకాల సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ఆరోగ్యశ్రీని (నేటి ఎన్టీఆర్ వైద్య సేవ) బెంగళూరు, చెన్నై, హైదరాబాదు నగరాలలోని కొన్ని ఆసుపత్రులకు, కొన్ని చికిత్సలకు విస్తరించింది. అందువల్ల ఆసుపత్రి పేరుతో పాటు చికిత్స పేరు కూడా చెప్పి విచారించాలి.

చేరేటప్పుడు

1. ఆసుపత్రి పథకంలో ఉన్నదో లేదో 14555 నంబరుకు ఫోను చేసి తెలుసుకోండి.
2. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రకు కార్డు, ఆధార్ చూపండి. చేతిపని వల్ల వేలిముద్రలు అరిగినవారు ఆధార్‌కు జతచేసిన ఫోనును వెంట ఉంచుకోవాలి.
3. చికిత్సకు ముందస్తు అనుమతి వచ్చినదో లేదో అడగండి. అత్యవసరమైతే చికిత్స కోసం ఆగవద్దు. అయితే ఆ రోజే ఆరోగ్యమిత్రకు తెలియజేయండి.

ఆయుష్మాన్ పథకం ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు వర్తిస్తుంది. చేరడానికి ముందు 3 రోజుల పరీక్షలు, ఇంటికి పంపిన తరువాత 15 రోజుల మందులు కూడా అందులోనే కలిసి ఉంటాయి. ఓపీ చీటీ ఖర్చులు కలవవు.

ఆసుపత్రి డబ్బు అడిగితే

పథకం కింద అనుమతి పొందిన చికిత్సకు విడిగా డబ్బు అడగరాదు. అడిగితే 14555కు ఫిర్యాదు చేయండి. కట్టవలసివస్తే రసీదు తప్పక తీసుకోండి. రసీదు లేని సొమ్మును కట్టినట్లు నిరూపించడం కష్టం.

ఇప్పటికే చెల్లించి ఉంటే

మిగిలిన మార్గం మీ సొంత రాష్ట్రపు ముఖ్యమంత్రి సహాయనిధి. అసలు బిల్లులు, డిశ్చార్జి పత్రం, ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పాసుపుస్తకం నకళ్ళు జతచేసి, సాధారణంగా మీ నియోజకవర్గ శాసనసభ్యుని ద్వారా దరఖాస్తు చేయాలి. అసలు బిల్లులు ఇచ్చే ముందు వాటికి జిరాక్సు తీయించుకోండి. అయితే ఇది బీమా వంటి హక్కు కాదు. ఎంత ఇవ్వాలో, అసలు ఇవ్వాలో లేదో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. కట్టినదంతా తిరిగి వస్తుందని నమ్మి అప్పు చేయడం క్షేమం కాదు.

నేడే చేయవలసిన పని

ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే కార్డులను ఊరి పెట్టెలోంచి నగరానికి తెచ్చుకోండి. కార్డులో ప్రతి ఒక్కరి పేరు ఉన్నదో లేదో సరిచూసుకోండి. ఇంటికి దగ్గరగా ఉన్న రెండు పథకపు ఆసుపత్రుల పేర్లు గోడ మీది క్యాలెండరుపై రాసిపెట్టుకోండి.